చీమ కుట్టినట్టుంటది

మా చిన్నోడి బనియను పైకి జరిపి, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కల కింద పడుతున్న గుంట చూసిన క్షణాన నాకు మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా మామూలు జ్వరమే అనుకున్నాను. పిల్లల దవాఖానాలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ఆగే వీల్లేక వెంటనే చేతికి సూది గుచ్చి సెలైన్ గొట్టం పెట్టారు. ముగ్గురం అదిమి పట్టుకున్నాం. నాలుగేళ్ల వాడు నా ముఖంలోకే చూస్తూ ఏడ్చాడు.

మూడో రోజుకు జ్వరం దిగింది, నవ్వాడు కూడా. కానీ గొట్టం పెట్టిన చేయి వాచింది; రెండో చేతికి మార్చాలన్నారు. ట్రే కనబడగానే వాడు దుప్పటి ముసుగేసుకున్నాడు. తర్వాతి మందుకు ఇంకా రెండు గంటలుంది కదా అని సిస్టర్ చిన్న ట్యూబు తెచ్చి, వాడి చేతి మీద తెల్లటి క్రీము పిండి, పైన అంటించే పట్టీ కోసం అటు తిరిగింది. ఆ లోపే నేను దాన్ని చర్మంలోకి ఇంకేలా రుద్దేశాను.

"అయ్యో అక్కా, గట్ల రుద్దుతరా! ఇదేమన్న కొబ్బరినూనెనా? కుప్ప లెక్క ఉండాలె. గంటసేపు ముట్టకు, చెయ్యి మొద్దుబారుతది" అని నవ్వి, తుడిచి, మళ్లీ పెట్టి పట్టీ వేసింది.

తప్పు నాది కాదు, మా నానమ్మ నేర్పిన చేతిది. నెక్కొండ దగ్గరి మా ఊళ్లో, ఎండాకాలం మొదట్లో, మిరపకాయలు ఎనుమాముల మార్కెట్‌కు పోయే ముందు ఇల్లంతా దగ్గుతూ తుమ్ముతూ తొడిమలు తీసేవాళ్లం. కూర్చోబెట్టే ముందు నానమ్మ మా చేతుల్లో కొబ్బరినూనె పోసి, వేళ్ల సందుల్లోకి కూడా పోయేలా మెరుపు పోయేదాకా రుద్దేది. "మెరిసే నూనె ఉత్తదే బిడ్డా, ఇంకిన నూనెనే మంటను ఆపుతది" అనేది. సాయంత్రం వేడివేడి సర్వపిండి తుంచి పెట్టినప్పుడు అందులో నువ్వుల వాసన, నూనె వాసన, మిరప ఘాటు అన్నీ కలిసే ఉండేవి.

ఆరేళ్లప్పుడు నాకు జ్వరమొస్తే డాక్టరు స్కూటరు మీద ఇంటికే వచ్చి సూది తీశాడు. "చీమ కుట్టినట్టుంటది, అంతే" అంది నానమ్మ. నమ్మి కదలకుండా ఉన్నాను. తర్వాత "ఏ చీమనే గది?" అని నేను ఏడుస్తుంటే అందరూ నవ్వారు. ఆ ఏడు చలికాలంలోనే మళ్లీ స్కూటరు చప్పుడు వినగానే, ముందర అర్ర నిండా పోసిన పత్తి కుప్పలో మెడదాకా దూరాను. ఎండ వాసన, పత్తిగింజల వాసన, అమ్మ ఒడిలాంటి వెచ్చదనం; బయట నా పేరు పెట్టి అరుస్తుంటే నేను హాయిగా నిద్రపోయాను. నానమ్మ బయటికి లాగి, తల నిండా అంటిన పత్తి చూసి "ఓ పొల్లా, నాకంటె ముసల్దానివైనవ్ గదనే!" అంది. సూది తప్పలేదు. కానీ ఆ రోజు ఆమె చీమ మాట ఎత్తలేదు. "నొస్తది బిడ్డా. నా చెయ్యి గట్టిగ వట్టుకో" అంది. ఆ నొప్పి ఇప్పుడు గుర్తు లేదు. గరుకుగా, నూనె వాసనేస్తున్న ఆ అరచేయి గుర్తుంది.

"అమ్మా, నొస్తదా?" దుప్పటిలోంచి అడిగాడు చిన్నోడు.

చీమ నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు అబద్ధమాడితే వాడు ఇంకెప్పుడూ నా మాట నమ్మడు.

"మొన్నటంత నొయ్యదంట బిడ్డా. జర నొస్తే నొయ్యచ్చు. నా చెయ్యి వట్టుకో."

గంట దాటాక సిస్టర్ పట్టీ తీసి తుడిచింది. కింద చర్మం పాలిపోయి ఉంది. ఈసారి ఎవరూ వాడిని అదిమి పట్టుకోలేదు. నా రెండు వేళ్లు వాడి గుప్పిట్లో నలిగాయి.

"అమ్మా, ఒత్తుతాంది" అన్నాడు ఆశ్చర్యంగా. "నొస్తలేదు."

నిన్న ఇంటికి వచ్చాం. నానమ్మ లేదు, ఊళ్లో ఆ అర్రా లేదు; ఈ మూడో అంతస్తు ఇంట్లో పత్తి అంటే దవాఖానా నుంచి తెచ్చుకున్న చిన్న చుట్టే. పొద్దున తమ్ముడి చేయి తిప్పి తిప్పి చూసి మా పెద్దది "నాక్కూడ సూది ఏస్తరా అమ్మా?" అంది.

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను: "అవసరమైతే ఏస్తరు బిడ్డా. టైముంటే క్రీము అడుగుదం. నొస్తదనిపిస్తే నొస్తదనే చెప్త. దాక్కోవాలంటె మాత్రం మనింట్ల పత్తి కుప్ప లేదు. నా ఎన్కకు రాండ్రి."