నాచారం వంటావార్పులో జపాన్ పెద్దాయన

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో నేను మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుణ్ణి. అంటే పని ఫ్యాక్టరీది, జీతం కాంట్రాక్టరుది, భయం మాత్రం నా సొంతం. ఎలాగైనా పర్మనెంటు కావాలన్నదే నా ఆశ. దానికి రెండు దారులు కనిపించాయి. జపాన్ నుంచి వచ్చిన కొత్త ప్రెస్సు, అంటే ఇనప రేకులు నొక్కే మెషిన్, నడిస్తే దానిమీద పనిచేసేవాళ్ళను పర్మనెంటు చేస్తానని మేనేజరు అన్నాడు. రాష్ట్రం వస్తే కాంట్రాక్టు అనే మాటే ఉండదని రోడ్డుమీది మైకులు అన్నాయి. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఏది నిజమో తేల్చే చదువు నాకెక్కడిది? రెండూ నమ్మాను. పొద్దున ఉప్పల్ చౌరస్తాలో నినాదాలు, మధ్యాహ్నం మెషిన్ కింద దూరి నట్లు బిగించడం.

ఆ ప్రెస్సు బిగించడానికి డెబ్బై దాటిన జపాన్ ఇంజినీరు ఒకాయన వచ్చాడు. ఆయన మాట మాకూ మా మాట ఆయనకూ చేరవెయ్యడానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దుబాసీ సారు ఒకాయన ఉండేవాడు. హబ్సిగూడ హోటల్ నుంచి ఇద్దరినీ కారులో తెచ్చేటప్పుడు ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టేవారు. లోకల్ మనిషి ఉంటే అద్దాలు పగలవని మేనేజరు లెక్క. బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కడతారు చూడండి, నాది ఆ ఉద్యోగం.

ఒకరోజు నాచారంలో దారి ఆగిపోయింది. వంటావార్పు. నడిరోడ్డుమీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని, బండ్లను కదలనియ్యకుండా నిరసన తెలపడం. మనవాళ్ళకు కోపం వస్తే బగారన్నం ఉడుకుతుంది. పెద్దాయన కారు దిగి వాసన పీల్చి, ఎవరిదో పెళ్ళి అనుకున్నాడు. వడ్డిస్తున్న అమ్మ ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని బంతిలో కూర్చోబెట్టింది. ఆయన బూట్లు విప్పి, మోకాళ్ళు మడిచి, విస్తరికి దండం పెట్టి మొదలుపెట్టాడు.

దుబాసీ సారు మాత్రం కారు దిగలేదు. నోరు విప్పితే యాస పట్టిస్తుందని ఆయన భయం. ఆ అమ్మే గరిటె పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది.

"మా పప్పుచారు మీకు ఎక్కదా ఏంది సారు? దిగున్రి."

దిగాడు. కోస్తావాళ్ళను వెళ్ళిపొమ్మనే నినాదం వినిపించినప్పుడల్లా ఆయన విస్తరిలో ఇంకో గరిటె పడింది. వీళ్ళు ఏమని అరుస్తున్నారని పెద్దాయన అడిగితే, నన్ను వెళ్ళిపొమ్మంటున్నారని సారు చెప్పి, మారు వడ్డించుకున్నాడు.

పెళ్ళి కాదని తెలిసేసరికి పెద్దాయనకు హుషారు వచ్చింది. కాలేజీ రోజుల్లో తానూ ఇలాగే రోడ్డెక్కానన్నాడు. అమెరికా సైన్యం వాళ్ళ దేశంలో ఉండిపోయేలా ఒక ఒప్పందం జరుగుతుంటే, వద్దని జనం పార్లమెంటును చుట్టుముట్టారట. పిల్లలు చేతులు పెనవేసుకుని పాములా మెలికలు తిరుగుతూ ఉరికారట. చివరికి ప్రధానమంత్రే దిగిపోయాడట. ఇదంతా సారు నా చెవిలో చెబుతుంటే గల్లీ నాయకుడు ఒకడు విని, మైకు తెచ్చి నా నోటి ముందు పెట్టాడు.

"ఈ పెద్దాయన సదువుకునేటప్పుడు గిట్లనే రోడ్డెక్కి ప్రధానమంత్రినే దించిండంట" అన్నాను. ఈలలు, చప్పట్లు. పెద్దాయన ఇంకా ఏదో చెబుతుండగానే నాయకుడు మైకు గుంజుకున్నాడు. నాయకులకు కథలో మొదటి సగం చాలు.

నాకు చాలదు. దారి వదిలాక కారులో అడిగాను.

"మరి ఆ ఒప్పందం పోయిందా సార్?"

సారు కనుక్కుని చెప్పాడు. "పోలేదయ్యా. లక్షలమంది బయట కూర్చునే ఉన్నారట. గడువు దాటగానే లోపల అది దానంతటదే ఖాయమైపోయిందట. ఆ తర్వాత ఎన్నికల్లో మళ్ళీ అదే పార్టీ గెలిచిందట."

"మరి ఈయన?"

"జుట్టు కత్తిరించుకుని కంపెనీలో చేరాడట."

"కాంట్రాక్టా?"

ఆ మాటకు అర్థం పెద్దాయన బుర్రకెక్కించడానికి సారుకు మల్లాపూర్ గేటు దాకా పట్టింది. ఎక్కాక ఆయన నావైపు తిరిగి, ఒంట్లో బాగాలేనివాణ్ణి చూసినట్టు చూశాడు. వాళ్ళకు ఒకసారి చేరితే జన్మంతా అదే కంపెనీ అట. రిటైరయ్యాక కూడా వదలకుండా ఇదిగో ఇక్కడికి పంపారట. ఉద్యమంలో ఓడిపోయినవాళ్ళకే ఇంత మర్యాద జరిగితే, గెలిచే మాకు ఇంకెంత జరగాలని ఆరోజు చాలా సంతోషపడ్డాను.

ప్రెస్సు నడిచింది. రాష్ట్రం సంగతి తేలనీ, అప్పుడు చూద్దామన్నాడు మేనేజరు. పెద్దాయన ఒంగి ఒంగి దండాలు పెట్టి వెళ్ళిపోయాడు. రాష్ట్రం కూడా వచ్చింది. ఉప్పల్‌లో పటాకులు, డప్పులు. నేను ఆడిన ఆటకు చెప్పు తెగిపోయింది. మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టరే నిలబడి లడ్డూలు పంచుతున్నాడు.

"రాష్ట్రమొచ్చింది గద అన్న, మా పర్మనెంటు ముచ్చటేంది?" అన్నాను.

ఆయన నా నోట్లో లడ్డూ పెట్టి, భుజంమీద చెయ్యి వేశాడు.

"గిన్ని రోజులు పరాయోళ్ళ సర్కారు, కొట్లాడినం. ఇప్పుడు సర్కారు మనది. మనోళ్ళను మనమే సతాయిస్తమా తమ్మీ?"

జవాబు ఉంది నా దగ్గర. కానీ అది బయటికి రావాలంటే ముందు లడ్డూ లోపలికి పోవాలి. నేను మింగేలోపు ఆయన నా వెనకున్నవాడి నోట్లో పెడుతున్నాడు.