బండలు కొట్టే మనిషికి ఇచ్చిన రాయి

ఆ రోజుల్లో ఎం.ఎస్. సీటు కావాలంటే మార్కుల కంటే ముందు పెద్ద సర్జన్ సంతకం కావాలి. ఎం.బి.బి.ఎస్. పాసై కర్నూలు జిల్లాలో ఒక ఆసుపత్రిలో చేరిన నాకు ఆ సంతకం పెట్టాల్సినాయన్ని మేమంతా చాటున ‘గడియారం’ అనేవాళ్లం (ఆపరేషన్ మధ్యలో గోడ గడియారం వంక చూసి నిట్టూర్చేవారు). నా దరఖాస్తు మూడు నెలలుగా ఆయన సొరుగులో పడి ఉంది. మొదటినుంచి చివరిదాకా ఒక్క ఆపరేషన్ నువ్వే చెయ్యి, నేను చేతులు కట్టుకుని చూస్తాను, సంతకం ఆ తర్వాత అన్నారు. ఇంక నాకు కలలో కూడా కత్తే. ఎవరికి ఏ జబ్బు వస్తుందా అని ఎదురుచూసే పాపిష్టి వయసు.

దొరికింది బేతంచెర్ల గనుల్లో నలభై ఏళ్లు బండలు కొట్టిన ఒక ముసలాయన. ఉచ్చ పోయాలంటే ప్రాణం పోతాందని వచ్చాడు. ఆ ఎండలకు, ఆ నీళ్ల కరువుకు మా సీమలో మూత్రాశయంలో రాళ్లు కొత్త కాదు. ఎక్స్‌రే మిషను చెడిపోయి ఉంది. కాబట్టి ఇనుప కడ్డీ మూత్రం దారిలోంచి లోపలికి పోనిచ్చి, రాయికి తగిలిన చప్పుడు వినాలి. పోనిచ్చాను. ఏదో తగిలింది. విన్నావా అని గడియారం గారు అడిగితే విన్నానండి అన్నాను. నిజానికి నాకు వినపడింది ఆయన సొరుగు తెరుచుకున్న చప్పుడు.

నడుముకు మత్తు సూది వేశాం గనక ముసలాయన మెలకువగానే ఉన్నాడు. కోసి, వేళ్లు పెట్టి వెతికాను. రాయి లేదు. పైన సున్నం పేరుకుని, చుట్టూ పాకిపోయిన గడ్డ ఉంది. కడ్డీకి తగిలింది ఆ సున్నమే. అడ్డంగా కట్టిన గుడ్డ అవతల్నుంచి "దొరికిందా అప్పా?" అన్నాడు ముసలాయన. నేను పక్కకు జరిగాను. గడియారం గారు కూడా వేలు పెట్టి చూసి, ఆ ఒక్కసారి మాత్రం గోడ వంక చూడకుండా, కుట్టెయ్యమన్నారు. బయటికొచ్చాక, అది కాన్సరని, తీసే దశ దాటిపోయిందని, ఆ మాట ముసలాయనకు నేనే చెప్పాలని, చెప్పాకే సంతకమని అన్నారు.

మా వార్డులో ఒక ఆచారం ఉండేది. తీసిన రాయి రోగి చేతికివ్వాలి, లేకపోతే డాక్టరు ఊరికే కోసి కుట్టాడంటారు (గచ్చకాయంత రాయి వచ్చినవాడు మీసం దువ్వుకుంటూ తిరిగేవాడు, చింతగింజంత వచ్చినవాడు దుప్పటి కప్పుకుని పడుకునేవాడు). మర్నాడు పొద్దున ముసలాయన పడుకునే చెయ్యి చాపాడు. పక్కన పెండ్లాం. ఆ చెయ్యి చూసేసరికి నా ధైర్యం నీరుగారిపోయింది. ఇప్పుడే తెస్తానని ఆవరణలోకి పోయి, మెట్లకు పరిచిన బండ పగిలి పడున్న రాతిముక్క ఒకటి ఏరి, స్పిరిటుతో కడిగి (శుభ్రతలో మాత్రం లోటు చెయ్యలేదు), దూదిలో చుట్టి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, నా మొహం చూసి, శానా పెద్దదే అన్నాడు. వార్డంతా చూపించాడు. రౌండ్లకు వచ్చిన గడియారం గారికీ చూపించాడు. ఆయన రాయిని చూసి, నన్ను చూసి, పక్క మంచానికి పోయారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

కుట్లు విప్పిన రోజు, పెండ్లాం నీళ్లకు పోయిన సమయం చూసి, ముసలాయన నన్ను పిలిచి రాయి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది మా గని బండ అప్పా. నలభై ఏండ్లు కొట్టినోన్ని, నాకు తెలీదా? నలుగురిలో నీ మర్యాద పోతాదని ఊరుకుంటి. ఇప్పుడన్నా నిజం చెప్పు. ఊర్లో బావి సగంలో ఉండాది. నేనే తవ్వుకోవాల్నా, మనుషుల్ని పెట్టుకోవాల్నా?"

చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, ఎండాకాలం దాటడం కష్టమని. ఆయనే నా చెయ్యి పట్టుకుని, "అట్లయితే మనుషుల్నే పెడతాలే" అన్నాడు.

ఆ సాయంత్రం సొరుగు తెరుచుకుంది. సంతకం పెడుతూ గడియారం గారు, ఒక్క మాటకు పదిరోజులు పట్టిందే అని మాత్రం అన్నారు. తర్వాత ఎం.ఎస్. నోటి పరీక్షలో ఒకాయన, మూత్రాశయం తెరిచాక రాయి కనపడకపోతే ఏం చేస్తావని అడిగాడు. రోగికి చెబుతానండి, ఆ రోజే, అన్నాను. ఆయనకు కావాల్సిన జవాబు వేరే ఉంది. ఆ ప్రశ్నకు నాకు మార్కులు రాలేదు. ఆ రాతిముక్క ఇప్పటికీ నా బల్లమీదే ఉంది. స్పిరిటు సీసా పట్టుకుని ఆవరణలో రాళ్లేరుకున్న ఆ పిరికి కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది. అంతలోనే, బావిలో నీళ్లు పడ్డాయో లేదో ఏనాడూ పోయి కనుక్కోలేదని గుర్తొస్తుంది.