వాన వాసన వేసిన ఆదివారం

కొన్నేళ్లుగా నా ఛాతీ మీద ఒక తెల్ల పెట్టె కూర్చుని ఉంది. పెద్దదేం కాదు, బియ్యం డబ్బాలో పట్టేస్తుంది. అయినా దించుకోలేకపోయాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను.

అది ఓజోన్ యంత్రం. కరోనా తగ్గి, కళింగపట్నం దగ్గర మా చర్చి మళ్లీ తెరిచినప్పుడు, మందులేవీ చల్లకుండానే గాలి శుభ్రపడుతుందని పెద్దలు కొన్నారు. శ్రీకాకుళంలో కెమిస్ట్రీ చదివిన పాపానికి దాని బాధ్యత నాకు అప్పగించారు. పని తేలికే. తెల్లవారకముందే తలుపులు మూసి యంత్రం వేయాలి. లోపల మనుషులుండకూడదు. తర్వాత ఆపి, కిటికీలన్నీ తెరిచి, ఆ వాయువు పూర్తిగా పోయాకే జనాన్ని రానివ్వాలి. లేకపోతే కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియడం వేరు, ఆదివారం పొద్దున్నే లేవడం వేరు.

ఆ రోజు ఆలస్యంగా లేచాను. యంత్రం ఆపేసరికి జనం మెట్ల మీదున్నారు. కిటికీలు తెరవలేదు. లోపలంతా పిడుగు పడ్డాక వచ్చే వాసన, ఇంకా కురవని వాన వాసన. రంగుటద్దాల వెలుగు నీటి అడుగున ఉన్నట్టు కదిలింది. పాట సగంలో ఉండగా ఒక్కొక్కరే కళ్లు తుడుచుకోసాగారు. పాస్టరుగారి గొంతూ పూడుకుపోయింది. ఆత్మ దిగిందని ఎవరో అన్నారు. నేను లేచి చెప్పాలి కదా? లేవలేదు. అంత భక్తిని ఆపడం మర్యాద కాదనుకున్నాను.

అప్పుడు సారమ్మత్త ఏడ్చింది. మా నాన్న చెల్లెలు. మావయ్య సముద్రంలో పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. పడవ ఇంజను బాగాలేదని తెలిసీ ఆయన్ని చేపల వేటకు పంపినవాడు ఆమె మరిది. ఆ తర్వాత అత్త అతని మొహం చూడలేదు. ఆ ఆదివారం మాత్రం కళ్లొత్తుకుంటూ లేచి, మగవాళ్ల వైపు నడిచి, అతని తల మీద చెయ్యి వేసింది. అతను చాలాసేపు దగ్గాడు. నేనప్పుడు కిటికీలు తెరిచాను.

తర్వాత ఒక వేసవిలో, ఇసుక మీద చేపలు ఆరేస్తూ అత్త నన్ను అడిగింది:

“ఒరే, ఆ దినం నీకూ ఏడుపొచ్చినాది గదా?”

“వచ్చిందత్తా.”

“మీ మావ పోయిన్నాడు నాకు సుక్క రానేదు. ఆ దినం దేవుడే రప్పించినాడు. నేదంటే ఆడి మొకం సూద్దునా నాను?”

నేను అబద్ధం ఆడలేదు, నా కళ్లూ మండాయి. అదే నా తెలివి. కానీ ఆమె క్షమించాలనుకుని క్షమించిందా, కళ్లు మండి క్షమించిందా? ఆ కోపం ఆమె సొంతం. భర్త తర్వాత మిగిలింది అదొక్కటే. దాన్ని ఆమెకు తెలియకుండా తుడిచేసే హక్కు నాకెవరిచ్చారు? ఇప్పుడు చెబితే ఆ కన్నీళ్లను లాక్కున్నవాణ్ణవుతాను. మరిది ఇప్పుడు, ఆనాడు ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన మావయ్య పడవ మీదే వేటకు వెళుతున్నాడు, గాలి లేస్తే అత్త అతని కోసం ఒడ్డున నిలబడుతోంది. నిద్రమత్తు ఒక్క పొద్దుటిది. మౌనం మాత్రం రోజూ మేలుకునే పాటించాను.

అత్తా, ఆ రోజు నిన్ను ఏడిపించింది నేను.

ఈ మాట ఆమెతో అనలేక మీతో అన్నాను. క్షమించమని అడగను. అదెంత సులువుగా తయారవుతుందో చూసినవాణ్ణి. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.