తాడె ఊడిన రోజు

హెలికాప్టర్ మమ్మల్ని మంచుకొండల మీది సైనిక పోస్టులో దించినప్పుడు ఉదయం ఏడున్నర. పదహారు వేల అడుగుల ఎత్తు. మైనస్ పద్దెనిమిది. ఆరుగురం. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని, మాది తమిళనాట కోవిల్‌పట్టి. రేడియో ఆపరేటర్‌ది విరుదునగర్, నాకంటే చిన్నవాడు. మిగతా నలుగురికీ మేం మద్రాసీలం. మేమిద్దరం మాత్రం ఇంటి తెలుగులోనే తిట్టుకునేవాళ్లం. ఆ మంచులో నాకు వెచ్చగా అనిపించింది అదొక్కటే.

నలభయ్యో రోజు మా అమ్మ పంపిన వేరుశెనగ ఉండలు అందాయి. చలికి రాళ్లయ్యాయి. కొరకడం కుదరక ఆపరేటర్ ఉండ మొత్తం నోట్లో పెట్టుకోవాలని చూశాడు. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు. కింది దవడ రెండు వైపులా కీలు తప్పింది.

మంచు పడుతోంది, హెలికాప్టర్ రాదు. ఆలస్యమైతే కండరాలు బిగుసుకుపోతాయి. నాకు తెలిసింది పుస్తకంలో బొమ్మ మాత్రమే. అతనే రేడియో సెట్ తిప్పి, కింద బేస్‌లో ఉన్న డాక్టర్‌ని కలిపి, మైకు నా చేతికిచ్చాడు. డాక్టర్‌ది గుంటూరు. కంగారులో నా హిందీ ఎగిరిపోయింది.

"సార్, ఆపరేటర్‌కి తాడె ఊడిపొయ్యింది."

"తాడు ఊడిందా? ఎంత లోతులో పడ్డాడు?"

"పడలేదు సార్. నా పక్కనే కూచోనుండాడు."

అప్పటికే డాక్టర్ సహాయక దళాన్ని కేకేస్తున్నాడు.

"తాడె సార్, తాడె. పండ్లుండే ఎముక."

తాడె అంటే మా ఇళ్లలో దవడ. అది తమిళ మాటని నాకు ఆ రోజే తెలిసింది. ఆపరేటర్ తెరిచిన నోటితోనే నవ్వబోయి, నొప్పికి నా భుజం పట్టుకున్నాడు.

"దవడ అనవయ్యా," అన్నాడు డాక్టర్. "విను. నోరు మూసే కండరాలు మూడు జతలు. కణత నుంచి దిగేది, చెంప ఎముక నుంచి దవడ మూలకు వచ్చేది, లోపలి వైపుది. అవే ఎముకని పైకి లాగి పట్టుకున్నాయి. వాటితో పోట్లాడకు, అలసిపోనివ్వు. బొటనవేళ్లకు గుడ్డ చుట్టి, కింది వెనక పళ్ల మీద పెట్టు. ముందు కిందికి, తర్వాత వెనక్కి."

"బయపడొద్దురా," అన్నాను. గుడ్డ చుట్టిన బొటనవేళ్లు అతని నోట్లో పెట్టాను. నాలుగు నిమిషాలు నొక్కాను. నా వేళ్ల కింద చెంప కండరం మెల్లగా వదిలింది. టక్కుమంది. పళ్లు నా కుడి బొటనవేలి మీద మూసుకున్నాయి. గుడ్డలోంచి రక్తం వచ్చింది.

అతని మొదటి మాట, "నొస్తా ఉండాదా అన్నా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవలించినా అరిచినా గడ్డం కింద చెయ్యి పెట్టుకోమని డాక్టర్ చెప్పాడు.

మూడు నెలలు నిండాక ఒకే రైల్లో ఇళ్లకొచ్చాం. విరుదునగర్ ముందు వస్తుంది. అతను దిగాడు. రైలు కదిలింది. నన్ను పిలవబోయి ఆగాడు. ఎడమ చెయ్యి గడ్డం కింద ఆనించుకుని, అప్పుడు నోరారా అరిచాడు.

"అన్నా, వేలు బద్రం!"

మా ఊళ్లో ఎవరు వేరుశెనగ ఉండ నోటి దాకా తీసుకెళ్లినా, గడ్డం కింద ఆ చెయ్యే నాకు కనబడుతుంది.