ప్లస్ గుర్తు ఎవరి మీద ఉంది

కృష్ణానగర్‌లో షూటింగు బట్టలు ఇస్త్రీ చేసి స్కూటీ మీద ఫిల్మ్‌నగర్‌కు చేరవేయడం నా పని. మొన్న షేక్‌పేట ఫ్లైఓవర్ మీద అతివేగంగా వెళ్లానని చలానా వచ్చింది.

"పోలీసోళ్లు చలాన్ల మీద డిస్కౌంట్ పెట్టినప్పుడు కట్టేయి అక్కా, అందరం గంతే చేస్తం," అంది పక్కగదిలో ఉండే డ్యాన్సరు.

ఆ తగ్గింపు తప్పు చేసినవాళ్లకు. నేను చేయలేదు. యాభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని. చలానాను వేలు పెట్టి మూడుసార్లు చదివి, దాని మీదున్న ఫొటో పట్టుకుని ట్రాఫిక్ స్టేషన్‌కు వెళ్లాను.

"మిషన్ అబద్ధం చెప్తదా అమ్మా?" అన్నాడు ఎస్సై.

"చెప్పదు సార్. మా షూటింగుల కెమెరావాళ్లు గిట్లనే కిరణం కొట్టి దూరం కొలుస్తరు. అది దేనికి తగిలితే దాని లెక్కే వస్తది. స్పీడు కొలిచే మీ గన్ను గూడ గంతే. తగిలిన బండి మీద ఫొటోల ప్లస్ గుర్తు పడ్తది. జర చూడుండ్రి, అది నన్ను దాటిపోతున్న కారు మీదుంది. నంబరు మాత్రం నాదేసిండ్రు."

ఆయన కంప్యూటర్లో ఆ ఫొటో తెరిచి, పెద్దది చేసి చూశాడు.

"సరే, నేను చూస్కుంటలే. మీరు పోండి."

"రద్దు చేసినట్టు రాసియ్యుండ్రి సార్. చదువుకొని పోత."

ఆయన కాగితం తీసి రాయడం మొదలుపెట్టేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.