కాగితం చూపించమని అడిగిన మనిషి

మా పెదనాయన పోయిన మంగళవారం పొద్దున కబ్ద్‌లోని తోటలో పనిచేస్తూ కూలిపోయారు. జహ్రాలో నేను పనిచేసే దుకాణానికి ఫోన్ వచ్చింది. టాక్సీ పట్టుకుని తోటకు వెళ్లేసరికే ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. నేనూ ఆసుపత్రికి వెళితే, ముఖం మీది గుడ్డ తీసి చూపించారు. చెవి వెనక ఇసుక ఇంకా అంటుకునే ఉంది.

అన్నమయ్య జిల్లా నుంచి నన్ను ఈ అరబ్బు దేశానికి తీసుకొచ్చింది ఆయనే. అప్పట్లో ఆ తోటలో ఆయన మేస్త్రీ, నాతో కలిపి మేం పదకొండుమంది కూలీలం. కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజు తన పళ్లెంలోనే అన్నం పెట్టేవారు. ఏ కాగితం మీదా తెలియకుండా వేలిముద్ర వేయనిచ్చేవారు కాదు. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, "ఇందులో ఇట్ల రాసిండారు. ఒప్పుకుంటేనే పెట్టు" అనేవారు.

కరోనా రోజుల్లో మార్కెట్లు మూతపడ్డాయి. మాకు వీసాలిచ్చిన తోట యజమాని, మా కఫీల్, సగం జీతమే ఇస్తానన్నాడు. మేం గొణుక్కుంటుంటే పెదనాయనే సర్దిచెప్పారు.

"ఆయప్ప కూడా మునిగినాడు రా. ఓర్చుకుందాం. నాది పూచీ."

ఆ ఒక్క మాట మీద ఎనిమిది నెలలు ఓర్చుకున్నాం.

తర్వాత ఒకరోజు, తోటలు నిలబడడానికి సర్కారు సాయం ఇచ్చిందని, మా తోటకూ వచ్చిందని పక్క తోట మేస్త్రీ ఆయనకు చెప్పాడు. ఎవరికి ఇచ్చారో, దేనికి ఇచ్చారో రాసిన జాబితా ఎక్కడైనా అంటించారేమోనని పెదనాయన రెండు ఆఫీసులు తిరిగారు. ఎక్కడా లేదు. యజమానులకు తప్ప చెప్పం అన్నారట.

మర్నాడు కఫీల్ రాగానే మా అందరి ముందూ అడిగారు.

"బాబా, ఆ సర్కారు కాగితం ఒకసారి చూపించు. అందులో మా జీతాలకని ఉంటే ఇయ్యి. లేకుంటే లేదని చెప్పు. వీళ్లకు నేను పూచీ పడినాను."

కఫీల్ మావైపు తిరిగాడు. "ఇంకెవరికి చూడాలని ఉంది?"

పదకొండుమందిమీ నేలచూపులు చూశాం. నేను కూడా.

"ఖలాస్" అని కఫీల్ వెళ్లిపోయాడు. మర్నాడే పెదనాయనను మేస్త్రీ పనిలోంచి తీసేసి గొర్రెల దొడ్డికి పంపాడు.

ఆ సాయంత్రం దొడ్డికి వెళ్లాను. ఆయనే అన్నారు: "నీ ఇఖామా వచ్చే నెల అయిపోతాది గదా. మళ్ల ఆయప్ప సంతకం పెడితేనే నువ్వు ఈ దేశంలో ఉండేది. నువ్వు పలక్కపోవడమే మంచిదైంది లే."

తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలల తర్వాత, కఫీల్ ఆపేసిన సగం జీతాలు మా చేతికొచ్చాయి. మా సంతోషం ఇంతా అంతా కాదు. పెదనాయన మాత్రం, "ఇచ్చినాడు, మంచిదే. యాడ నుంచి ఇచ్చినాడో, ఇన్నాళ్లు ఎందుకు దాచినాడో చెప్పలేదు. ఆ మాట కూడా మనకు రావాల్సిందే గదరా" అన్నారు. మేస్త్రీ పని ఆయనకు మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు తోటలోకి తీసుకున్నా, కూలీగానే.

నేను జహ్రాకు మారాక, ప్రతి శుక్రవారం ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ని. ఆనాడు నోరు విప్పనందుకు క్షమించమని అడగాలనుకునేవాణ్ని. ఆయన టీ పెట్టి, నా బిడ్డల చదువులు అడిగేవారు. అడగకుండానే తిరిగొచ్చేసేవాణ్ని.

ఆయన శవం ఉన్న పెట్టెను ఊరికి పంపే విమానానికి అప్పజెప్పాక, ఆయన బట్టలు తెచ్చుకుందామని తోటకు వెళ్లాను. ఆ పొద్దున ఆయన దారాలకు ఎక్కించడం మొదలుపెట్టిన దోసతీగల వరుస అలాగే ఉంది. సగం దాకా తీగలు దారాలకు చుట్టుకుని నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి చివరిదాకా, పసుపు పూలతో, ఇసుకలో పడి ఉన్నాయి.