సగంలో ఆగిన పిలుపు

ముందు ఊపిరి వినిపించింది. దాని వెనకే వెదురు గొట్టాల స్వరం, తుట్టెలో తేనెటీగలు నిద్రలో కదిలినట్టు. లోపలికి పీల్చినా అదే స్వరం, బయటికి వదిలినా అదే. మెకాంగ్ మీద మంచు ఇంకా లేవలేదు. రేవులో పడవ టికెట్లు అమ్మే నా రేకుల గది వైపు ఆ పాట మెల్లగా నడిచి వస్తోంది. ఒకచోట ఆగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది, గడప దాకా వచ్చి లోపల అడుగుపెట్టని చుట్టంలా.

మూడోసారి ఆగాక మంచులోంచి థిట్ ఫూమా బయటికొచ్చాడు. చేతిలో ఖెన్. రెండు వరసల సన్నని వెదురు గొట్టాలు, మధ్యలో ఊదే కొయ్యబుర్ర, సందుల్లో నల్లమైనం. వయసులో ఉండగా మూడు వానాకాలాలు మఠంలో సన్యాసిగా ఉండి వచ్చాడు కనక పేరు ముందు ‘థిట్’ నిలిచిపోయింది. బతుకంతా వలలు అల్లాడు. డెబ్బై దాటినా ఆయన వేళ్లు ఖాళీగా ఉండటం నేను చూడలేదు.

“అమ్మాయ్, ఆ ఇటలీ పిల్ల ఏ పడవకి వెళ్తోంది?”

“తొమ్మిదింటికి బాబాయ్. ఏం, ఏమన్నా మర్చిపోయిందా?”

“మర్చిపోయింది నేను.”

బల్ల మీద కూర్చున్నాడు గానీ ఖెన్ కింద పెట్టలేదు.

ఇలారియా అనే ఆ పిల్లను ఆయన దగ్గరికి పంపింది నేనే. ఎదురుగా కూర్చుని ఎవరైనా పాడితే వినాలని రెండు వారాలుగా మా దేశమంతా తిరుగుతోంది. ఏ ఊరు వెళ్లినా స్పీకర్లే ఎదురయ్యాయట. నిన్న నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో సంగతి కనుక్కుని, సాయంత్రం ఆమె దిగిన విలాయ్ వాళ్ల బసలో, అరుగు మీద బాబాయ్ ఊదేటట్టు మాట్లాడాను.

“పెళ్లిపాట ఊదాను. పడవపాట ఊదాను. అక్కడితో ఊరుకుందా! గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇంకా లోపలిది, ఇంకా లోపలిది అని సైగ చేస్తుంది. కళ్లమ్మట నీళ్లు. నా బుద్ధి గడ్డి తింది.”

“పైవాళ్ల పాట ఊదావా?”

ఆయన తలూపాడు.

ఆకాశంలో ఉండేవాళ్లను కిందికి పిలిచే పాట అది. మందుకు లొంగని జబ్బు చేసిన ఇంట్లో ఆయన భార్య చన్‌పెంగ్ పిన్ని పాడుతుంది, ఆయన ఊదుతాడు. ముందు పళ్లెం పెట్టాలి. ఐదు జతల మైనపువత్తులు, ఐదు జతల దేవగన్నేరు పూలు, ఒక పచ్చిగుడ్డు, చిన్న గిన్నెడు బియ్యపు సారా. వచ్చినవాళ్లను సాగనంపే పాట కూడా ఊది తీరాలి, పాట అడిగిన మనిషి ఎదురుగా కూర్చునుండగా. లేకపోతే వాళ్లు తిరిగి పోరు. ఖెన్ నేర్పింది పిన్ని తండ్రే. నలభై ఏళ్లుగా ఆమె గొంతు పక్కన లేకుండా ఆ పాటను ఆయన ముట్టుకోలేదు. ఇప్పుడు జబ్బు చేస్తే జనం పట్నం ఆసుపత్రికి పోతున్నారు. ఎనిమిది నెలలుగా వాళ్లిద్దరినీ ఎవరూ పిలవలేదు.

“పళ్లెం పెట్టావా?”

“లేదు.”

“సాగనంపావా?”

“పిలుపు సగంలో ఉండగా విలాయ్ వచ్చి అన్నాలకి రమ్మన్నాడు. అందరూ లేచారు, ఆ పిల్లా లేచింది. నేనూ లేచాను అమ్మాయ్. చేపల పులుసు వాసనకి లేచిపోయాను.” అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “ఇంటికెళ్లేసరికి మీ పిన్ని ఒళ్లు కాలిపోతోంది. తెల్లారి లేచి, ఇల్లింత ఇరుగ్గా ఉందేంటి, ఎవరొచ్చారు అంటుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.”

“ఆసుపత్రికి తీసుకెళ్దాం బాబాయ్.”

“తీసుకెళ్దాం. ముందు వీళ్లని పంపనీ.”

గోడ గడియారం ఎనిమిదింబావు చూపిస్తోంది. కరెంటు పోతే వెలిగించే వత్తులు నా సొరుగులో ఐదున్నాయి, సగానికి విరిచాను. రాలిన పూలు పనికిరావు, కొమ్మ వంచి కోశాను. గుడ్డు కోసం బాబాయ్ నూడుల్స్ బండి దగ్గరికి పరిగెత్తాడు.

“పచ్చిగుడ్డా? అన్నీ ఉడికించేశానయ్యా,” అంది బండి సీదా. “పొద్దున్నే పచ్చిగుడ్డెందుకు, కుస్తీ పోటీకి వెళ్తున్నావా?”

“నవ్వకు సీదా. ఒక్కటి.”

ఆయన మొహం చూసి ఆమె గరిటె వదిలేసింది. పెరట్లోకి వెళ్లి పొదిగే కోడి కింద చెయ్యి పెట్టి వేడివేడిగా ఒకటి తెచ్చింది. “అది తిట్టే తిట్లన్నీ నీకే,” అంటూ ఆయన దోసిట్లో పెట్టింది.

రేవులో పడవ నిండిపోయింది. సంచీ ఒళ్లో పెట్టుకుని ఇలారియా ముందు బల్ల మీద కూర్చునుంది. ఇంజను అప్పటికే దగ్గుతోంది.

“ఏం తాతా, పెళ్లికూతురు పారిపోతోందా?” పడవ నడిపే ఖమ్‌సింగ్ అరిచాడు.

“ఇంజను ఆపరా.”

“అవతలి ఒడ్డున బస్సు ఆగదు తాతా. వీళ్లంతా నన్ను నీళ్లలో తోస్తారు.”

“చన్‌పెంగ్ పిన్నికి బాలేదు,” అన్నాను. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను.

ఖమ్‌సింగ్ మొహంలో నవ్వు ఆరిపోయింది. “చిన్నప్పుడు నన్ను మంచం మీంచి లేపింది ఆవిడే,” అని ఇంజను ఆపేశాడు. తన బల్ల కింద దాచుకున్న సారా సీసా తనే తీశాడు. ఒడ్డున పళ్లెం సర్ది వత్తులు వెలిగించాను.

నిన్నటి పాట పూర్తి కాలేదని, ఎదురుగా కూర్చోవాలని ఇలారియాకు చెప్పాను. సంబరంగా ఫోను పైకెత్తింది. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. నా మొహంలో ఏం చూసిందో, ఫోను సంచీలో వేసి తడిమట్టిలో పళ్లెం ముందు కూర్చుంది.

బాబాయ్ ఊదడం మొదలుపెట్టాడు. ఊపిరి చాలడం లేదు. ఒక గొట్టం మంచుకు నానిందేమో, పలకాల్సిన చోట పలకలేదు. పడవలో ఎవరో టైమెంతైందని అడిగారు. పాట నిన్న ఆగిన చోటికి వచ్చింది. ఆగింది. ఆయన వేళ్లు అలాగే ఉండిపోయాయి. నదిలో నీళ్లు మాత్రం కదులుతున్నాయి. అప్పుడే గాలికి వత్తులు రెపరెపలాడాయి. ఎవరూ చెప్పకుండానే ఇలారియా రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ చేతుల మధ్య వెలుగు నిలబడింది. బాబాయ్ ఒక పెద్ద ఊపిరి పీల్చాడు. పాట ఆ చోటు దాటింది.

దాటాక అది మరో పాటయింది. పిలిచే పాట మెట్లు దిగినట్టుంటుంది. సాగనంపేది పడవ తాడు ఒక్కో పురి విప్పినట్టుంటుంది. చివరి స్వరం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు, నదిలో కలిసిపోయింది. ఆయన సైగ చేస్తే ఇలారియా గిన్నెలోని సారా నదిలో వంపింది.

పడవ పావుగంట ఆలస్యంగా కదిలింది. మలుపు తిరిగేదాకా ఇలారియా చెయ్యి ఊపుతూనే ఉంది. బాబాయ్ అటు చూడలేదు. ఖెన్ చంకన పెట్టుకుని, పిన్నికివ్వాల్సిన గుడ్డును తూలితే పగులుతుందని రెండు చేతుల్లో పట్టుకుని ఇంటి దారి పట్టాడు.

ఆ రోజంతా నేను టికెట్లు తప్పుగా చించాను. మధ్యాహ్నం పడవకు పిన్నిని పట్నం తీసుకెళ్తారేమోనని రెండు సీట్లు ఆపి ఉంచాను. ఎవరూ రాలేదు. అటు వెళ్లి చూద్దామంటే గది వదిలే వీల్లేదు. పొద్దు వాలాక దారిలో ఖెన్ మోగుతుందేమోనని చెవులు రిక్కించాను. ఉత్త అడుగుల చప్పుడే వినపడింది. బాబాయ్ ఒట్టి చేతులతో వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు.

“పిన్నికెలా ఉంది?”

“జ్వరం దిగింది. కాస్త గంజి తాగింది. వాళ్లందరూ వెళ్లారా అని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్లింకా ఉన్నారో, మీ పిన్నికి నా మీద కోపమో తెలీటం లేదు. నువ్వొకసారి వచ్చి అడుగమ్మాయ్. నీకైతే చెప్తుంది.”